సంతకం వచ్చింది, తర్వాత?

మా హనుమంతునిపాడు మండలానికి రాత్రి బడి కొత్త కాదు. 1978లో వయోజన విద్య అని వచ్చింది. తొంభైలలో సంపూర్ణ అక్షరాస్యత అన్నారు, ఆ తర్వాత అక్షర సంక్రాంతి అన్నారు, 2009లో సాక్షర భారత్ అన్నారు. ఇప్పుడు ఉల్లాస్ నడుస్తోంది. పేరు మారిన ప్రతిసారీ కొత్త వాచకం, కొత్త రిజిస్టరు, కొత్త పలకలు. పలకలకైతే మాకు కొదవ లేదు, మార్కాపురం మా వైపుదే కదా. దేశంలో ఎన్ని లక్షల మంది పిల్లలు ఆ రాతి మీద అక్షరాలు దిద్దుకున్నారో! ఆ రాయిని చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించినవాళ్ళలో వేలిముద్ర వేసేవాళ్ళను మాత్రం నేను చాలామందినే చూశాను.

2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లాలో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి 63 మంది. ఆడవాళ్ళలో అయితే 53 మందే. ఆ 53 మందిలో సంతకం దగ్గరే ఆగిపోయినవాళ్ళెందరో లెక్కల పుస్తకం చెప్పదు.

ఈ బడుల్లో కొన్నింట్లో నేను పాఠం చెప్పాను, కొన్నింటిని అరుగు మీద కూర్చుని చూశాను. ఇప్పుడు ఉల్లాస్‌లో చెప్పడానికి ముందుకొచ్చిన ఆడపిల్లలు, పొదుపు సంఘాల్లో లెక్కలు రాసేవాళ్ళు, అప్పుడప్పుడు వచ్చి "ఏం చేస్తే వీళ్ళు చదువుతారు తాతా?" అని అడుగుతుంటారు. అక్షరాలు ఎలా నేర్పాలో శిక్షణలో మీకు చెబుతారమ్మా. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. పెద్దవాళ్ళు తమ సరదా కోసం, ఎవరూ అడక్కుండా, పుస్తకం పట్టుకోవాలంటే ఏం చెయ్యాలన్నది.

1. వత్తులన్నీ వచ్చేదాకా కథను దాచిపెట్టకండి

వాచకం పూర్తయితే గానీ వేరే పుస్తకం చేతికివ్వకూడదని మన బడుల్లో ఒక పట్టుదల ఉంది. ఈలోగా పొగాకు పనులు వస్తాయి, కంది కోతకొస్తుంది, బెంగుళూరులో బేల్దారి పనికి పోయిన కొడుకు ఫోన్ చేసి బిడ్డను చూసుకోవడానికి రమ్మంటాడు. సగం మంది అక్కడే జారిపోతారు. మళ్ళీ ఊరికొచ్చేసరికి అక్షరాలు మసకబారిపోయి ఉంటాయి. వాళ్ళకు గుర్తుండేది ఒక్క సంతకమే, ఎందుకంటే బ్యాంకులో దాన్ని మాత్రమే అడుగుతారు.

గుణింతాలు వచ్చి, వత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నప్పుడే ఒక పేజీ కథ ఇచ్చెయ్యండి. వత్తులు లేని కథలు రాయించాలని ఒకప్పుడు కొందరు అన్నారు. అమ్మ, అన్న, అక్క, అత్త, అవ్వ, తమ్ముడు, చెల్లెలు అందరూ వత్తులతోనే ఉన్నారు, ఇక కథలో ఎవరుంటారు? వత్తు పోల్చుకోలేకపోయినా ముందు మాటా వెనక మాటా చూసి అది అత్తేనని పట్టేస్తారు. అరవై ఏళ్ళు అత్తలతో కోడళ్ళతో వేగిన మనిషికి ఆ మాట ఊహించడం కష్టం కాదు.

2. ముందు కళ్ళు చూడండి

"నాకు చదువు ఎక్కదురా అబ్బాయా" అని చెప్పి బడి మానేసిన వాళ్ళలో చాలామందికి చత్వారం. నలభై దాటాక దగ్గరి అక్షరం అలుక్కుపోతుంది. జీవితంలో పుస్తకం పట్టని మనిషికి ఆ సంగతి తెలిసే దారేది? సూదిలో దారం ఎక్కించగలరా అని అడగండి, తెలిసిపోతుంది. కళ్ళజోడు పెట్టించకుండా పుస్తకాల గురించి ఉపన్యాసాలు చెప్పడం దండగ.

3. తెలిసిన కథతో మొదలుపెట్టండి

ఇది నాకు అన్నిటికన్నా గట్టిగా తెలిసిన సంగతి, కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను.

మా కనిగిరి సీమ కాటమరాజు కథ నడిచిన నేల. వాన పడక, మేత దొరక్క, ఆవులను తోలుకొచ్చిన యాదవ వీరుడికీ నెల్లూరు ప్రభువుకూ మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర పుట్టిన తగాదా అది. చిలికి చిలికి యుద్ధమై, నెల్లూరి వైపు ఖడ్గతిక్కన కూడా అందులోనే ప్రాణం విడిచాడంటారు. కొమ్ము ఊదుతూ ఈ కథను రాత్రుళ్ళు చెప్పేవాళ్ళు ఉండేవారు. మా తరం వాళ్ళు ఆ కథ వింటూ నిద్రపోయి, కొమ్ము మోతకు ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వింటూ పెరిగారు. మేత కోసం పశువులను తోలుకుని ఊరు విడవడమంటే ఏమిటో మా వాళ్ళకు పుస్తకం చెప్పక్కర్లేదు.

తంగిరాల వెంకట సుబ్బారావు గారు కాటమరాజు కథలను ఊరూరా సేకరించి, పరిష్కరించి సంపుటాలుగా తెచ్చారు. అది పండితులు చదివే గ్రంథం. నేను అందులోంచి చిన్న చిన్న ఘట్టాలు తీసుకుని, వాడుక మాటల్లో, పెద్దక్షరాలతో నోటుపుస్తకంలో రాసిచ్చేవాణ్ణి. గొర్రెలు కాసే ఒక పెద్దాయన ఉండేవాడు. వాచకంలో బొమ్మ పక్కనున్న మాట చదవమంటే చెమటలు పట్టేవి ఆయనకు. కాటమరాజు కాగితం చేతికిస్తే, వేలు పెట్టుకుని నాలుగు వరుసలు చదివి, "ఇది తప్పు. ఆవులు వచ్చిన దారి ఇది కాదు" అని కొట్టిపడేశాడు. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఆ వాదనలో ఆయన ఆ కాగితాన్ని ఎన్నిసార్లు వెనక్కీ ముందుకీ చదివాడో ఆయనకే తెలియదు. అచ్చులో ఉన్నదంతా నిజం కాదనీ, పుస్తకంతో పోట్లాడవచ్చనీ తెలిసినప్పుడు పెద్దవాళ్ళకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అంతకుముందు పుస్తకం ముందు వాళ్ళు ఆఫీసులో నిలబడినట్టు నిలబడతారు.

వేమన పద్యాలూ అంతే. నోటికి వచ్చిన పద్యాన్నే కాగితం మీద చూపిస్తే, కన్ను కంటే నోరు ముందు పరుగెత్తుతుంది. "అది చదవడం కాదు, అప్పజెప్పడం" అని తనిఖీకి వచ్చిన వాళ్ళు పెదవి విరుస్తారు. పట్టించుకోకండి. నోటికి తెలిసిన మాట కాగితం మీద ఎలా ఉంటుందో కన్ను ఆ తొందరలోనే నేర్చుకుంటుంది. బాలనాగమ్మ, మర్యాద రామన్న, తెనాలి రామలింగడు, లవకుశ ఏదైనా సరే. ముగింపు ముందే తెలిసిన కథను మళ్ళీ చదవడంలో ఉన్న హాయి పిల్లలకు తెలుసు, పెద్దవాళ్ళకూ తెలుసు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళే ఎందుకో మరిచిపోతారు.

4. నీతిని కత్తిరించండి

కొత్తగా అక్షరాలొచ్చినవాళ్ళ కోసం అచ్చేసిన చిన్న పుస్తకాలు నేను చాలా చదివాను. మొదటి పేజీలో ఒక సుబ్బమ్మ ఉంటుంది. నాలుగో పేజీకి మరుగుదొడ్డి కట్టించుకుంటుంది, లేదా పొదుపు చేస్తుంది, లేదా బిడ్డకు టీకా వేయిస్తుంది. ఎనిమిదో పేజీలో ఊరంతా ఆమెను మెచ్చుకుంటుంది. ఆ సుబ్బమ్మ ఒక్కసారైనా నవ్వదు, ఎవరి మీదా చాడీలు చెప్పదు, సినిమాకు పోదు. ఇలాంటి మనిషితో సాయంత్రం గడపాలని ఎవరికి ఉంటుంది? మరుగుదొడ్డి మంచిదే, టీకా ఇంకా మంచిది. వాటి గురించి చెప్పడానికి ఏఎన్ఎమ్మూ ఆశా వర్కరూ ఉన్నారు.

ఈ మాట అనగానే ఎవరో ఒకరు దూబగుంట సంగతి ఎత్తుతారు. ఎత్తాల్సిందే. దూబగుంట కలిగిరి మండలంలో ఉంది. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా మా కనిగిరి తాలూకా, ఆ ఊరు రెండూ నెల్లూరు జిల్లాయే. 1991లో అక్కడ అక్షరదీపం పేరుతో చదువుల ఉద్యమం నడిచింది. తాగుబోతు భర్తతో వేగలేని సీతమ్మ అనే ఆమె కథ వాచకంలో పాఠంగా ఉండేది. ఆ కథ చదివి, మాట్లాడుకుని, దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992కల్లా జిల్లా ఊగిపోయింది, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

"చూశారా, సందేశం ఉన్న పాఠం వల్లే గదా" అంటారు. నాకు అలా అనిపించదు. సారా తాగరాదు అని గోడల మీద అంతకుముందు ఎన్నేళ్ళుగా రాసి ఉందో. దాన్ని చదివి ఎవరూ కదల్లేదు. సీతమ్మ కథ వినగానే "ఇది మా ఇంటి కథే" అని ఏడ్చారు, కోప్పడ్డారు, ఒకరి సంగతి ఒకరికి చెప్పుకున్నారు. ఏం చెయ్యాలో వాళ్ళే తేల్చుకున్నారు. కథను కథగా వదిలేసినందుకు అంత జరిగింది. అడుగున నీతి వాక్యం రాసి, దాన్ని పదిసార్లు చూసి రాయమని ఉంటే ఆ బడి కూడా మామూలు బడిలాగే ముగిసిపోయేది.

ఉద్యమం రాకపోయినా ఫరవాలేదని కూడా చెప్పాలి. ఒకావిడ కథ చదివి కడుపుబ్బ నవ్వి, పుస్తకం మూసి పడుకుంటే ఆ పూటకు చదువు పనికొచ్చినట్టే. పేదవాళ్ళు చదివే ప్రతి అక్షరం ఏదో ఒక ప్రయోజనానికి పనికిరావాలని పట్టుబట్టడం, కడుపు నిండినవాళ్ళ పెద్దరికం. వాళ్ళు మాత్రం డిటెక్టివ్ నవలలు చదువుకుంటారు.

5. గొంతెత్తి చదవండి, సరైన చోట ఆపండి

హెలెన్ అబాద్జీ అని ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఒకావిడ పెద్దవాళ్ళ చదువు మీద 2003లో ఒక పుస్తకం రాశారు. కూడబలుక్కుంటూ చదివేవాళ్ళకు వాక్యం చివరికొచ్చేసరికి మొదటి మాట మనసులోంచి జారిపోతుందని, అందుకే అక్షరాలొచ్చినా అర్థం అందదని ఆవిడ వివరిస్తారు. మా రాత్రి బడిలో నేను రోజూ చూసింది అదే. వేగం రావాలంటే చాలా చదవాలి. చాలా చదవాలంటే రుచి పుట్టాలి. రుచి పుట్టాలంటే అర్థం కావాలి. ఎక్కడో ఒక చోట ఈ ముడి విప్పాలి కదా. నేను చదివి వినిపించడంతో విప్పాను.

చందమామ కంటే మంచి సాధనం నాకు దొరకలేదు. 1947 జూలైలో మొదలైన పత్రిక. ఇప్పుడు రాకపోయినా పాత సంచికలు దొరుకుతూనే ఉన్నాయి. కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని చూసుకున్న కాలంలో ఆ తెలుగు ఎంత నిదానంగా, ఎంత శుభ్రంగా ఉండేదో! చిన్న వాక్యం, తెలిసిన మాట, పక్కన బొమ్మ. అందులో బేతాళ కథలైతే మన పనికి మరీ అనువు. కథ చెప్పి బేతాళుడు ఒక ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు జవాబు చెబుతాడు. నేను ప్రశ్న దాకా చదివి పుస్తకం మూసేసేవాణ్ణి. "రాజు ఏమంటాడో రేపు చూద్దాం" అనేవాణ్ణి. ఆ రాత్రి వాళ్ళు ఇంటికి పోతూ దారిపొడుగునా తీర్పులు చెప్పుకునేవాళ్ళు. మర్నాడు నేను వెళ్ళేసరికే పుస్తకం ఎవరి చేతిలోనో ఉండేది. జవాబున్న పేరా వెతికి, నలుగురు తలలు కలిపి, ఒకరు చదవలేని మాట ఇంకొకరు అందిస్తూ చదువుతుండేవాళ్ళు. నేను కోరుకున్నది అదే, కానీ పైకి మాత్రం కోపం నటించేవాణ్ణి.

సినిమా పాటలు కూడా మరిచిపోకండి. మా కాలంలో సినిమా హాళ్ళ దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు. సగం కథ చెప్పి, మిగిలింది వెండితెర మీద చూడమనేవాళ్ళు. పాట నోటికొచ్చు, కాగితం మీద కనబడుతోంది, ఇంకేం కావాలి? అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ గారు 1996లో మొదలుపెట్టిన పని కూడా ఇలాంటిదే. టీవీలో పాట వస్తున్నప్పుడు అదే భాషలో మాటలు కింద వేయించారు. జనం పాడుకుంటూ, తమకు తెలియకుండానే చదివారు. మీ చేతిలో ఫోన్ ఉంది, మాటలు కనబడే పాత పాటలు వెతికి పెట్టండి. ఘంటసాల గొంతు వెంట కన్ను దానంతట అదే పరుగెత్తుతుంది.

6. ప్రశ్నలు అడక్కండి

ఉల్లాస్ పరీక్షలో చదవడానికి 50 మార్కులు, రాయడానికి 50, లెక్కలకు 50. అది ప్రభుత్వం పెట్టే పరీక్ష, రాయించండి. కథల పుస్తకం మీద మాత్రం మీరు ఇంకో పరీక్ష పెట్టకండి. "ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం అత్తా?" అని అడిగారంటే, రేపటి నుంచి ఆ అత్త పుస్తకం తీసుకోదు.

ఫ్రాన్సులో పంతులుగా చేసిన డేనియల్ పెనాక్ అనే రచయిత 1992లో చదువరికి పది హక్కులున్నాయని రాశాడు. అసలు చదవకపోవడం మొదటిది. పేజీలు దాటెయ్యడం, పుస్తకాన్ని మధ్యలో వదిలెయ్యడం ఆ తర్వాతివి. చదివినదాని గురించి నోరు విప్పకపోవడం చివరిది. ఆయన బడి పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాడు గానీ, మా ఊరి పెద్దవాళ్ళకే ఇవి ఎక్కువ అవసరం. బాగాలేని పుస్తకాన్ని "ఇది బాగాలేదు" అని విసిరెయ్యడానికి వాళ్ళు జంకుతారు. తప్పు తమదేననుకుంటారు.

7. పుస్తకం గడప దాటి ఇంట్లోకి పోవాలి

1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ప్రయాణం చేసేవాళ్ళకూ, ఒడ్డునున్న ఊళ్ళకూ పుస్తకాలు చేర్చారు. అది కృష్ణా కాలువల నేల, వాళ్ళకు చెల్లింది. మా వైపు కాలువలు వచ్చేదాకా, అంటే వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు పారేదాకా ఆగుదామంటే ఇప్పటికే చాలా ఏళ్ళు ఆగాం. మాకు పడవ లేదు, సంచీ ఉంది. ఉపాధి పనికి పోయే మేస్త్రీ సంచీలో, పాలు పోసే కేంద్రంలో, టీ బంకులో, నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టే చోట పుస్తకం ఉండాలి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మోకాళ్ళు వంగిపోయిన మనుషులు మా మండలంలో తక్కువేం కాదు. గ్రంథాలయం దాకా నడిచి రమ్మని వాళ్ళకు చెప్పగలమా?

పాత కర్నూలు జిల్లా మనిషి, అంటే అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు వైపువాళ్ళకు సొంత జిల్లా మనిషి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం కలిపే పనిచేశారు. ఆ తర్వాత ప్రభుత్వాల్లో ఆ రెండూ రెండు శాఖలై, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశాయి. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. వెళ్ళి అడగండి. బీరువా తాళం తీయించి, మా ఊరికి పుస్తకాలు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. పుస్తకం చిరిగితే జరిమానా అని మాత్రం ఎవరినీ బెదిరించకండి. పొయ్యి పక్కన, పశువుల పాకలో చదివిన పుస్తకం నలుగుతుంది. పసుపు మరక పడిన పుస్తకం తిరిగొస్తే నాకు సంతోషంగా ఉండేది.

8. ఆడవాళ్ళకు సాకు కావాలి

మగవాడు అరుగు మీద కూర్చుని పేపరు చదివితే ఎవరూ ఏమీ అనరు. అదే ఇంట్లో కోడలు మధ్యాహ్నం పుస్తకం పట్టుకుంటే "పనీ పాటా లేదా" అంటారు. కోడలు చదువుకున్నదైతే, అత్తగారు పుస్తకం పట్టడానికి సిగ్గుపడుతుంది, అది ఇంకో చిక్కు. తీరిక దొంగతనమన్నట్టు చూసే ఇళ్ళలో సరదా కోసం చదవమని నేరుగా చెబితే నడవదు. సాకు చూపించాలి.

ఒక సాకు పొదుపు సంఘం. సమావేశం మొదట్లో ఒకరు కథ చదవాలని పెట్టండి. సమావేశానికి వెళ్ళొద్దని ఏ మొగుడూ అనడు, అప్పు వచ్చేది అక్కణ్ణుంచేగా. ఇంతకన్నా మంచి సాకు మనవడు. "పిల్లోడికి కథ చదివి చెబుతున్నా" అంటే ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూడో తరగతి పిల్లాడు పక్కన కూర్చుని "అవ్వా, అది ళ కాదు, ణ" అని దిద్దుతుంటాడు. ఇంగ్లీషు మీడియం పిల్లాడైతే వాడికే తెలుగు సరిగా రాదు, ఇద్దరూ సమానం. పిల్లాడు నిద్రపోయాక కూడా అవ్వ చదువుతూనే ఉంటే, ఇక మీరు ఆ ఇంటికి వెళ్ళాల్సిన పని లేదు.

9. పిల్లలకు తెలుగులో టైపు చెయ్యమని చెప్పండి

వలస వెళ్ళిన కొడుకులూ కూతుళ్ళూ వాట్సాప్‌లో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. లేదా వాయిస్ పంపుతారు. కష్టపడి తెలుగు నేర్చుకున్న తల్లి దాన్ని చదవలేదు. రోజుకు రెండు వరుసలు తెలుగులో రాసి పంపమని వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. ఆ రెండు వరుసల్ని ఆమె ఎన్నిసార్లు చదువుకుంటుందో చూడండి.

10. మొదటి సంచీలో ఏం పెట్టాలి

చందమామ, బాలమిత్ర పాత సంచికలు పెట్టండి. విడివిడిగా ఉంటే మంచిది, లావు పుస్తకం చూస్తే బెదురుతారు. తెనాలి రామలింగడి కథలు, పాటల పుస్తకాలు, వంటల పుస్తకం ఒకటి, కొత్త సంవత్సరం పంచాంగం. పంచాంగం తక్కువ చెయ్యకండి, ఉగాది ముందు రాశిఫలాల పేజీ చదివినంత శ్రద్ధగా మా ఊళ్ళో ఇంకేదీ చదవరు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం నాలుగూ చదివేసరికి య వత్తు పట్టుబడుతుంది. వారపత్రికలు పాతవైనా ఫరవాలేదు. కొంచెం పట్టు చిక్కినవాళ్ళకు యద్దనపూడి సులోచనారాణి నవలలు ఇవ్వండి. ప్రేమ కథలు ఈ వయసులో ఏమిటని మీరు మొహమాటపడతారు, వాళ్ళు పడరు. బుడుగు ఇస్తే మాత్రం పక్కన కూర్చోండి, ఆ పిల్లాడి మాటలు గొంతెత్తి చదివితేనే నవ్వొస్తాయి.

పెద్ద బాలశిక్ష కావాలని చాలామంది అడుగుతారు, అదే అసలైన చదువని వాళ్ళ నమ్మకం. ఇవ్వండి. కానీ సంచీలో అన్నిటికన్నా అడుగున పెట్టండి.